చెరువు పెంచాలా, తూము సరిచేయాలా: ఊదే వాద్యకారులకు శ్వాస, సాధన పద్ధతుల ఎంపిక

హనుమకొండలో వేణువు, క్లారినెట్ నేర్పుతున్న ఇన్నేళ్ళలో నా వద్దకు వచ్చిన వారిలో ఎక్కువ మంది మొదటి రోజే చెప్పిన మాట ఒకటే: "సార్, దమ్ము సరిపోతలేదు." బరాత్‌లో రెండు గంటల పాటు ట్రంపెట్ ఊదే యువకుడూ అదే అంటాడు, సరళీ స్వరాలు దాటి వర్ణంలోకి వచ్చిన వేణువు విద్యార్థినీ అదే అంటుంది. దమ్ము పెరగడానికి ఏం చేయాలని అడిగితే దొరికే సలహాలకు మాత్రం లెక్క లేదు. ఒకరు ప్రాణాయామం చేయమంటారు, మరొకరు తెల్లవారుజామున భద్రకాళి బండ్ మీద పరుగెత్తమంటారు, ఇంకొకరు బెలూన్లు ఊదమంటారు, ముక్కుతో పీలుస్తూనే నోటితో ఊదే విద్య పట్టుబడితే ఇక ఏదీ అక్కరలేదని స్నేహితులు చెబుతారు. రోజులో సాధనకు దొరికే గంటో గంటన్నరో వీటిలో దేనికి కేటాయించాలన్నదే ఇక్కడ నేను చర్చించదలచిన విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. దమ్ము చాలడం లేదని బాధపడే వారిలో చాలామందికి ఊపిరి తక్కువ కాదు, దాని ఖర్చు ఎక్కువ. కాకతీయుల చెరువుల కింద బతికిన ప్రాంతం మనది కాబట్టి ఆ మాటల్లోనే చెబుతాను: చెరువు చిన్నది కాదు, తూము అదుపులో లేదు. చెరువును పెంచే పద్ధతులు కొన్ని ఉన్నాయి, తూమును సరిచేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. మీకు కావలసింది ఏదో తెలియకుండా ఏ పద్ధతిని పట్టుకున్నా నెలలు గడిచిపోతాయి, స్వరం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

లోపం ఎక్కడుందో ముందు చూసుకోవాలి

సెకన్ల ముల్లు ఉన్న గడియారం ముందు కూర్చోండి. వాద్యం పక్కన పెట్టి, నిండుగా గాలి పీల్చి, పళ్ళ సందు నుంచి పాము బుసలాంటి సన్నని శబ్దంతో సమానంగా వదలండి; ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకోండి. రెండు నిమిషాలు ఆగి, అంతే గాలి పీల్చి, వాద్యం మీద మధ్య స్థాయి షడ్జాన్ని (స) మరీ గట్టిగా కాకుండా, మరీ మెల్లగా కాకుండా నిలపండి, అదీ రాసుకోండి. మూడోసారి తంబుర శ్రుతి పెట్టుకుని అదే షడ్జాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, మొదటి మూడు సెకన్లూ చివరి మూడు సెకన్లూ పక్కపక్కనే వినండి.

బుస చాలాసేపు నిలిచి వాద్యం మీద స్వరం అందులో మూడో వంతు కూడా నిలవకపోతే, గాలి పెదాల దగ్గర వృథా అవుతోంది. రెండూ తక్కువైతే, నిండుగా పీల్చడం లేదు, లేదా పీల్చినదాన్ని పట్టి ఉంచలేకపోతున్నారు. రెండూ బాగానే ఉండి రికార్డులో మొదలు గట్టిగా, చివర నీరసంగా వినబడితే, పంపకంలో లోపం ఉంది. ఇవన్నీ సరిగానే ఉండి పది నిమిషాల వాదన తర్వాత మాత్రమే ఆయాసం వస్తుంటే, గుక్క తిప్పుకునే చోట్లలో లోపం ఉంది. ఈ నాలుగు లోపాలకూ ఒకే మందు పనిచేయదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇంటర్ చదువుతున్న ఒక పిల్లవాడు నాలుగు నెలలుగా రోజూ అరగంట కపాలభాతి చేస్తూ, ఫలితం లేక నా వద్దకు వచ్చాడు. బుస 34 సెకన్లు నిలిచింది. వేణువు మీద షడ్జం 8 సెకన్లకే ఆగిపోయింది. వేణువు పక్కన పెట్టించి, అరచేతిని నోటికి జానెడు దూరంలో పెట్టుకుని వాయించేటప్పటిలాగే ఊదమన్నాను. గాలి అరచేయి మొత్తానికీ తగులుతోందని చెప్పాడు. పెదాల మధ్య సందును బియ్యపు గింజంత చేసి, గాలి రూపాయి బిళ్ళంత చోట మాత్రమే చల్లగా తగిలే దాకా సరిచేసుకోమన్నాను. పదిహేను, ఇరవై ప్రయత్నాల్లో అది కుదిరింది. ఆ పెదాలను అలాగే ఉంచి వేణువు అందుకుంటే షడ్జం 13 సెకన్లు నిలిచింది. ఒక్క సాయంత్రంలో ఊపిరితిత్తులు పెరగవు కాబట్టి మిగతా ఐదు సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ పిల్లవాడికి నేను వివరించవలసిన అవసరం లేకపోయింది.

ఛాతీలో జరిగేది

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసలో పీల్చేది సుమారు అర లీటరు గాలి మాత్రమే. నిండుగా పీల్చి పూర్తిగా వదిలితే, ఎత్తును, వయసును, స్త్రీ పురుష భేదాన్ని బట్టి మూడు నుంచి ఐదు లీటర్ల దాకా బయటికి వస్తుంది. ఎంత ప్రయత్నించినా ఇంకో లీటరుకు పైగా గాలి ఊపిరితిత్తుల్లోనే మిగిలిపోతుంది. ఎదుగుదల పూర్తయిన తర్వాత ఈ మొత్తం సామర్థ్యాన్ని వ్యాయామంతో పెద్దగా మార్చలేము. మార్చగలిగేది శ్వాస కండరాల బలాన్ని, వాటి మీద అదుపును, ఉన్న సామర్థ్యంలో వాడుకునే వాటాను. అర లీటరుతో బతకడానికి అలవాటుపడిన శరీరానికి మూడు లీటర్లు తీసుకోవడం నేర్పడమే చాలామందికి చెరువును పెంచడంతో సమానం. అందుకు కొద్ది వారాలు చాలు.

పొట్టకూ ఛాతీకీ మధ్య గొడుగులా ఉండే ఉదరవితానం గురించి మన దగ్గర ఒక తప్పు అభిప్రాయం బలంగా ఉంది. "ఉదరవితానంతో గాలిని నెట్టు" అని చెబుతుంటారు. అది గాలిని లోపలికి తీసుకునే కండరం. బిగుసుకున్నప్పుడు కిందికి దిగి ఊపిరితిత్తులకు చోటు ఇస్తుంది, గాలి వదిలేటప్పుడు సడలి పైకి వెళుతుంది. గాలిని నెట్టేవి పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య లోపలి కండరాలు. నేను చిన్నతనంలో నేర్చుకున్న చోట పొట్టను డోలులా బిగించి ఊదమని చెప్పారు. రెండేళ్ళు అలాగే ఊదాను. పొట్ట బిగిసినప్పుడల్లా గొంతు కూడా బిగుసుకుని, తార స్థాయిలో, అంటే పై స్వరాల్లో, నాదం సన్నబడి పోయేది. కింది పక్కటెముకలు, నడుము పక్కలు, వీపు కింది భాగం కూడా విచ్చుకోవాలని తెలుసుకున్న తర్వాత కానీ ఆ బిగింపు వదలలేదు. బల్ల మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుని గాలి పీల్చి చూడండి. వీపు ఎలా విచ్చుకుంటుందో మీకే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇప్పుడు చెబుతాను. చెరువు నిండుగా ఉన్నప్పుడు తూము తెరిస్తే నీళ్ళు ఉరుకుతాయి, మట్టం తగ్గేకొద్దీ ధార మెల్లబడుతుంది. నిండిన ఛాతీ కూడా అంతే. పక్కటెముకలకు, ఊపిరితిత్తులకు సాగిన రబ్బరులా వెనక్కి వచ్చే గుణం ఉంది కనుక, నిండుగా పీల్చిన మొదటి క్షణాల్లో మనం నెట్టకపోయినా గాలి తనంతట తాను బయటికి ఉరుకుతుంది. అప్పుడు చేయవలసిన పని నెట్టడం కాదు, ఆపి ఉంచడం: పీల్చే కండరాలను వెంటనే సడలించకుండా పక్కటెముకలను విచ్చుకునే ఉంచి మెల్లగా వదలాలి. సగం గాలి అయిపోయిన తర్వాత క్రమంగా పొట్ట కండరాలు పని అందుకోవాలి. మొదట తక్కువగా, చివర ఎక్కువగా తూము తెరిచే నీరటి (చెరువు నీళ్ళు వదిలే మనిషి) పని ఇది. రికార్డులో స్వరం మొదట గట్టిగా మొదలై చివర జారిపోయేవారు దీన్ని తారుమారుగా చేస్తున్నారు.

బయటి వ్యాయామాలా, వాద్యం మీద దీర్ఘస్వరాలా

ప్రాణాయామంలోని అన్ని పద్ధతులూ వాద్యకారుడికి ఒకే విధంగా ఉపకరించవు. కపాలభాతిలో పొట్టను వేగంగా కొట్టి గాలిని కుదుపులుగా వదులుతారు. మనకు కావలసింది పొడవైన, సమానమైన రేచకం, అంటే గాలి వదలడం. కాబట్టి దమ్ము కోసమే కపాలభాతి మొదలుపెట్టినవారు ఆ సమయాన్ని భ్రామరికి మళ్ళించడం మేలని నా సలహా. భ్రామరిలో తుమ్మెద నాదంతో గాలి సన్నగా, సమానంగా బయటికి వస్తుంది, నాదం వణికితే లోపం వెంటనే చెవికి తెలుస్తుంది. అనులోమ విలోమం మనసును నిలకడగా ఉంచడానికి, కచేరీకి ముందు కంగారు తగ్గడానికి మంచిది. దానితో స్వరం పొడవు పెరుగుతుందని ఆశించవద్దు. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు గాలి బిగబట్టే కుంభకాన్ని, ట్రంపెట్ తార స్థాయి సాధనను వైద్యుని అడగకుండా చేయకూడదు. ఉబ్బసం ఉన్నవారు వాద్యం మానవలసిన అవసరం సాధారణంగా ఉండదు గాని, వారు కూడా ముందు వైద్యునితో మాట్లాడాలి.

ఆసుపత్రుల్లో ఆపరేషన్ తర్వాత ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ చాలా ఇళ్ళలో అటక మీద పడి ఉంటుంది. దాని మీద 600, 900, 1200 అని రాసి ఉండే అంకెలు గాలిని సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల వేగంతో పీలుస్తున్నామో చూపుతాయి. రెండు పరీక్షల్లోనూ తక్కువ సెకన్లు వచ్చినవారికి, భుజాలు ఎగరేసి పైపైన పీల్చేవారికి ఇది నిజంగా పనికొస్తుంది. బంతి కంటికి కనబడుతుంది కాబట్టి పీల్చడంలో నిదానం తొందరగా అలవడుతుంది. బెలూన్ ఊదడాన్ని మాత్రం నేను ఎవరికీ సూచించను. బెలూన్ మొదట్లో మొండికేసి, ఒక్కసారి సాగిన తర్వాత తేలికగా ఉబ్బుతుంది. ఏ వాద్యమూ అలా ప్రవర్తించదు. పైగా బుగ్గలు ఉబ్బించి గొంతు బిగించే అలవాటును అది వెంట తెస్తుంది. నడక, పరుగు, ఈత శరీరానికి మంచివి, బరాత్‌లో నడుస్తూ వాయించేవారికి అవసరం కూడా. అవి ఆయాసాన్ని ఆలస్యం చేస్తాయి గాని తూమును సరిచేయవు.

వాద్యం మీద దీర్ఘస్వరాలే అన్నిటికన్నా లాభసాటి అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అక్కడ ఊపిరి, పెదాలు, శ్రుతి మూడూ ఒకేసారి పరీక్షకు నిలుస్తాయి. నిమిషానికి 60 లయ పెట్టుకుని, 4 లెక్కల్లో పీల్చి 8 లెక్కలు షడ్జం నిలపండి. నాలుగు రోజులు అది స్థిరపడిన తర్వాత 12, ఆపైన 16 లెక్కలకు వెళ్ళండి. 16 లెక్కల చివర కూడా స్వరం మొదటి లెక్కలో ఉన్నంత నిండుగా ఉంటేనే 20కి వెళ్ళాలి. వణుకుతూ 20 నిలపడం కన్నా నిండుగా 12 నిలపడం పెద్ద విజయం. ఆ తర్వాత అదే స్వరాన్ని మెల్లగా మొదలుపెట్టి, నడుమ గట్టిపరచి, మళ్ళీ మెల్లగా ముగించాలి. ఇక్కడ వాద్యాల మధ్య ఒక తేడా ఉంది: వేణువులో గట్టిగా ఊదితే శ్రుతి పైకి ఎక్కుతుంది, మెల్లగా ఊదితే దిగుతుంది; క్లారినెట్‌లో సాధారణంగా దీనికి వ్యతిరేకంగా, గట్టిగా ఊదినప్పుడు దిగే స్వభావం ఉంటుంది. తంబుర లేకుండా దీర్ఘస్వరాలు చేస్తే ఈ జారుడు చెవికి అందదు, నెల రోజుల సాధన తప్పు శ్రుతిని గట్టిపరచడానికే ఖర్చవుతుంది.

వేణువు మీద దీర్ఘస్వరాలు ఊదేటప్పుడు మొదట్లో తల తిరగడం సహజం. తక్కువ సమయంలో ఎక్కువ గాలి మార్చడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి అలా అవుతుంది. ఆగి, కూర్చుని, మామూలుగా శ్వాసించాలి. తల తిరుగుతుండగా కొనసాగించడంలో పౌరుషం ఏమీ లేదు.

ఏ వాద్యానికి ఏది

వేణువుకు ఎదురొత్తిడి, అంటే ఊదే గాలిని వాద్యం అడ్డుకునే ఒత్తిడి, దాదాపు ఉండదు. ముఖరంధ్రం అంచు మీదుగా గాలిలో కొంత భాగం లోపలికి పోకుండా బయటికే పోతుంది. అందుకే ఊదే వాద్యాల్లో గాలిని ఎక్కువగా అడిగేవాటిలో అదొకటి, పెదాల సందు మీద పెట్టిన శ్రమకు వేణువులో దొరికినంత ప్రతిఫలం మరెక్కడా దొరకదు. పొడవైన బాన్సురి (హిందుస్తానీ వేణువు) ఎంచుకున్నవారికి గాలితో పాటు వేళ్ళ సాచుడు కూడా సమస్య అవుతుంది. దమ్ము ఇంకా కుదురుకోని విద్యార్థి మొదటి సంవత్సరం చిన్న వేణువుతో గడపడమే మంచిది.

సన్నాయి, నాదస్వరం వాయించేవారి కష్టం దీనికి పూర్తిగా వేరు. జీవాళి (నోట్లో పెట్టుకుని ఊదే పీక) సందు సన్నగా ఉంటుంది కాబట్టి ఒత్తిడి ఎక్కువగా కావాలి, గాలి మాత్రం వేణువు అంత ఖర్చు కాదు. పల్లవి ముగిసేసరికి ఛాతీలో గాలి ఇంకా మిగిలే ఉంటుంది, కాని అది వాడిన గాలి. ఊపిరాడనట్టు అనిపించేది అందుకే. అటువంటప్పుడు ఇంకా పీల్చడానికి ప్రయత్నిస్తే ఆయాసం పెరుగుతుంది. ముందు మిగిలిన గాలిని ఒక్కసారి బయటికి వదిలి, ఆ తర్వాతే కొత్త గాలి తీసుకోవాలి. మంగళవాద్యం వాయించే ఒక పెద్దాయన ఒక చరణం చివర ముక్కుతో వదలడం, తర్వాతి చరణం మొదట్లో పెదాల మూలల నుంచి పీల్చడం దగ్గరగా కూర్చుని గమనించాను. రెండింటికీ మధ్య డోలు దెబ్బలు రెండే పడ్డాయి, నాదంలో మాత్రం తొందర కనబడలేదు. ఈ వాద్యం వారికి ఎంపిక ఊపిరి వ్యాయామాల మధ్య కాదు, జీవాళీల మధ్య ఉంటుంది. గట్టి జీవాళితో బలం వస్తుందని నమ్మి పెదాలు వాచేదాకా ఊదేవారు ఉన్నారు. మెత్తనిదానితో నెల రోజులు దీర్ఘస్వరాలు చేసి, తర్వాత ఒక్కొక్క మెట్టు గట్టిదానికి వెళ్ళడం శరీరానికీ శ్రుతికీ క్షేమం.

క్లారినెట్, సాక్సోఫోన్ వేణువుకూ సన్నాయికీ మధ్యస్థంగా ఉంటాయి. ట్రంపెట్‌లో స్వరం పైకి పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, గాలి ఖర్చు తగ్గుతుంది. కింది స్వరాల్లో, యూఫోనియం అనే పెద్ద బ్యాండు వాద్యంలో గాలి ధారాళంగా పోతుంది. మౌత్‌పీస్‌ను పెదాలకు అదిమి పై స్వరాలు తెప్పించే అలవాటు బ్యాండు మేళాల్లో చాలా ఎక్కువగా కనబడుతుంది. వారు మధ్య స్థాయిలో, తక్కువ బలంతో దీర్ఘస్వరాలు చేయడమే ఎంచుకోవాలి. ఎంతసేపు ఊదారో అంతసేపు పెదాలకు విశ్రాంతి ఇవ్వాలి.

మేడారం జాతరలో కోయల కొమ్ముబూరలు, ఆదిలాబాద్ గోండుల దండారి పండుగలో పెప్రే, కాలికోం అనే ఊదే వాద్యాలు విన్నవారికి మరొక విషయం తెలుస్తుంది. ఆ కళాకారులు గది మధ్యలో కూర్చుని సెకన్లు లెక్కపెట్టరు. నడక, ఆట, డోలు దెబ్బ వారి శ్వాసను నడిపిస్తాయి. నడుస్తూ వాయించవలసిన బ్యాండు వారు ఆ పద్ధతిని తప్పక ఎంచుకోవాలి: నాలుగు అడుగులకు పీల్చి ఎనిమిది అడుగులకు ఊదడం, తర్వాత రెండు అడుగులకు పీల్చి పన్నెండు అడుగులకు ఊదడం. మేడ మీద నిశ్చలంగా నిలబడి సాధించిన దమ్ము వీధిలోకి వచ్చాక సగానికి పడిపోతుందని వారికి నేను చెప్పనక్కరలేదు.

గుక్క తిప్పుకోవడమా, తిప్పుకోకుండా ఊదడమా

బుగ్గల్లో కొంత గాలి దాచుకుని, దాన్ని బుగ్గల కండరాలతో నెడుతూ, ఆ అరక్షణంలో ముక్కుతో పీల్చుకోవడమే గుక్క తిప్పుకోకుండా ఊదడంలోని కిటుకు. గ్లాసు నీళ్ళలో సన్నని గొట్టం పెట్టి బుడగలు ఆగకుండా ఊదుతూ దీన్ని నేర్చుకోవచ్చు. బుడగలు ఒక్క క్షణం ఆగినా కంటికి కనబడతాయి. సన్నాయి, క్లారినెట్ వంటి ఎదురొత్తిడి ఉన్న వాద్యాలకు ఇది కొంత తేలికగా అబ్బుతుంది, వేణువుకు చాలా కష్టం.

అయితే దీనికన్నా ముందు ఎంచుకోవలసినది గుక్క తిప్పుకునే చోట్లను నిర్ణయించుకోవడం. కీర్తన వాయిస్తున్నప్పుడు సాహిత్యం తెలియకుండా గుక్క తిప్పితే పదం మధ్యలో విరుగుతుంది. వినేవారికి పాట తెలిసి ఉంటే అది రాయిలా తగులుతుంది. స్వరాల నోటు పుస్తకంలో గుక్క తిప్పే ప్రతి చోటా పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకోండి. మొదటి కాలంలో నాలుగు గీతలు అవసరమైన చోట రెండో కాలంలో రెండే చాలవచ్చు. కాలం మారితే గీతలూ మార్చుకోవాలి. పెద్ద గుక్క కోసం అన్ని చోట్లా ఆగడం కన్నా, ఖాళీ దొరికిన చోటల్లా చిన్న గుక్క తీసుకోవడం వేణువుకు మేలు. సన్నాయికి మాత్రం ముందు చెప్పినట్టు వదలడానికి కూడా సమయం కావాలి కనుక తక్కువ చోట్ల, పూర్తిగా ఆగడమే మేలు. నోటితో పీలిస్తే వేగం, ముక్కుతో పీలిస్తే గాలి వెచ్చగా, దుమ్ము తక్కువగా వస్తుంది. వాదన మధ్యలో నోరు, సాధన మొదట్లోని దీర్ఘస్వరాలకు ముక్కు అని నేను విభజించుకున్నాను. ఈ పెన్సిల్ గీతలతో ఆరు నెలలు గడిపిన తర్వాత కూడా ఎక్కడైనా గుక్క అడ్డం వస్తుంటే, అప్పుడు గ్లాసు నీళ్ళ దగ్గరికి వెళ్ళవచ్చు.

ఎప్పుడు, ఎంతసేపు, ఎవరి దగ్గర

ఒకేసారి గంటన్నర కూర్చోవడమా, అరగంట చొప్పున మూడుసార్లా అన్న ప్రశ్నకు, ఊదే వాద్యాల విషయంలో నేను రెండోదాన్నే సమర్థిస్తాను. పెదాల చిన్న కండరాలు అలిసిపోయిన తర్వాత శరీరం గొంతును, మెడను సాయానికి పిలుస్తుంది, ఆ తప్పుడు సాయమే అలవాటై కూర్చుంటుంది. మొదటి అరగంట దీర్ఘస్వరాలకు, శ్రుతికి. రెండోది జంట స్వరాలు, అలంకారాలు, తుత్తుకారానికి (నాలుకతో స్వరాలను విడగొట్టడానికి). మూడోది పాటకు ఇవ్వవచ్చు. కాని ఉద్యోగం వల్ల రోజుకు ఒక్క పూటే దొరికేవారు ఆ పూటలోనే ప్రతి ఇరవై నిమిషాలకూ ఐదు నిమిషాలు వాద్యం కింద పెట్టి స్వరాలు నోటితో పాడుకుంటే సరిపోతుంది.

మన ఎండల్లో మే నెల మధ్యాహ్నం మేడ గదిలో సాధన చేయడం తెలివైన పని కాదు. ఒంట్లో నీరు తగ్గితే పెదాలు పగులుతాయి, రీడ్ (వాద్యం నోటి దగ్గర కంపించే సన్నని పలక) త్వరగా ఎండిపోతుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉండేవారికి మిర్చి వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పగటి పూట లోతైన శ్వాస తీసుకుంటే దగ్గు తప్పదు. వారు తెల్లవారుజామునే ఎంచుకోవాలి. చలికాలపు తెల్లవారుజామున ఇంకో చిక్కు ఉంది. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగితే గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుంది కాబట్టి, చల్లని వేణువు తక్కువ శ్రుతిలో మొదలై వాయించేకొద్దీ పైకి వస్తుంది. ఫోన్‌లోని తంబుర మాత్రం కదలదు. శ్రుతి కలవలేదని పెదాలను మార్చేయక ముందు ఐదు నిమిషాలు వాద్యాన్ని వేడెక్కనివ్వాలి.

గురువు, సంగీత కళాశాల, ఫోన్ వీడియోలు అనే మూడింటిలో నేను గురువునే ముందు పెడతాను, అందుకు కారణం భక్తి ఒక్కటే కాదు. భుజం ఎగరడం, గొంతు బిగియడం, బుగ్గ ఉబ్బడం వాయించేవారికి కనబడవు. ఎదురుగా కూర్చున్నవారికి కనబడతాయి. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. క్రమమైన పాఠ్యక్రమం, తోటి విద్యార్థుల మధ్య వాయించే అలవాటు కావలసినవారు అటువంటి సంస్థలో ప్రస్తుతం ఏ వాద్యాలు నేర్పుతున్నారో నేరుగా వెళ్ళి తెలుసుకోవడం మంచిది. గురువు దొరకని ఊళ్ళలో ఉన్నవారికి వీడియోలు నిరుపయోగమని అనను, కాని ఒక నియమం పాటించాలి: చూసిన సమయానికి రెట్టింపు సమయం తమను తాము పక్క నుంచి వీడియో తీసుకుని చూసుకోవాలి. పక్క నుంచి తీస్తే భుజం, నడుము రెండూ కనబడతాయి.

బ్యాండు, సన్నాయి వృత్తిగా ఉన్నవారికి ఈ కాలపట్టికలేవీ యథాతథంగా కుదరవు. ముహూర్తాలు ఉన్న నెలల్లో రోజుకు నాలుగైదు గంటలు ఊది వచ్చినవారిని ఇంటికి వెళ్ళి సాధన చేయమనడం అన్యాయం. వారు ఆ రోజుల్లో వాదనకు ముందు ఐదు నిమిషాలు మెత్తని దీర్ఘస్వరాలు, ముగిశాక పెదాలు సడలించి రెండు నిమిషాలు మంద్ర స్వరాలు ఊదితే చాలు. తప్పులు సరిదిద్దుకోవడానికి ఆషాఢం, మూఢం వంటి పెళ్ళిళ్ళు లేని రోజులు ఉన్నాయి. మూఢం మొదటి రోజున గడియారం ముందు కూర్చుని ఆ మూడు పరీక్షలూ చేసి, అంకెలు రాసి గోడకు అంటించుకోవచ్చు. మూడు వారాల దీర్ఘస్వరాల తర్వాత మళ్ళీ చేసినప్పుడు బుస అంకె అంతే ఉండి స్వరం అంకె పెరిగితే, అదే పద్ధతిని ముహూర్తాలు వచ్చేదాకా కొనసాగించాలి. స్వరం అంకె కూడా కదలకపోతే రీడ్‌నో మౌత్‌పీస్‌నో మార్చి చూడాలి, అప్పటికీ కదలకపోతే వాద్యం తీసుకుని తెలిసినవారి ఎదుట ఒక్క గంట కూర్చోవాలి.